నూట పద్నాలుగో పేజీలో పోయిన మనిషి

బైండింగు నుంచి వచ్చిన మొదటి కట్ట తాడు కోసి, పైనున్న పుస్తకం చేతిలోకి తీసుకుని, అలవాటు కొద్దీ మధ్యలోకి తెరిచింది ఎడిటరమ్మ. తెరిచిన చోటే ఆమె కన్నతండ్రి చచ్చిపోయి ఉన్నాడు.

నూట పద్నాలుగో పేజీ. పైనుంచి రెండో పేరా.

"చివరికి ఆసుపత్రి మంచం మీద ఆ సంఘ పెద్ద కళ్ళు తెరిచి, 'టైమెంతయింది?' అని అడిగాడు. చుట్టూ నిలబడ్డవాళ్ళెవరూ జవాబు చెప్పలేదు. ప్రియులారా, ఆయన టైము అయిపోయింది."

ఆమె కళ్ళజోడు తీసి తుడిచి, పెట్టుకుని మళ్ళీ చదివింది. పేరు లేదు. పేరు అక్కర్లేదు కూడా. 'దైవ వాక్యాన్ని గోడ గడియారంతో కొలిచిన ఒక సంఘ పెద్ద' అని స్పష్టంగా ఉంది. ఈ చుట్టుపక్కల సంఘాలన్నిటిలో అలాంటి పెద్ద ఒక్కడే. చిన్నా పెద్దా అందరూ ఆయన్ని గడియారం పెద్దాయన అంటారు. ఆయన నిక్షేపంలా ఉన్నాడు. బీపీ మాత్ర వేసుకున్నావా నాన్నా అని నిన్న ఫోన్లో అడిగితే, "నా బీపీకేం, నీ గొంతే వణుకుతోంది, నువ్వు వేసుకో" అన్నాడు.

పైగా ఇంకాసేపట్లో సంఘ నాయకుల శిక్షణ కూటంలో, పాస్టర్లూ పెద్దలూ నిండిన హాల్లో, ఈ పుస్తకాన్ని ఆవిష్కరించబోయేది ఆయనే.

రాసినది ఆమె మామగారు, అందరూ అయ్యగారు అని పిలిచే పాస్టరు.

ఒకప్పుడు ఆ ఇద్దరూ ఒకే కంచంలో తిని ఒకే మంచం మీద పడుకున్నంత స్నేహితులు. అద్దెకు తీసుకున్న రేకుల షెడ్డులో కలిసి సంఘం మొదలుపెట్టారు. అయ్యగారు వాక్యం చెప్పేవాడు, పెద్దాయన బల్లలు వేయడం దగ్గర్నుంచి పాటలు ఎత్తుకోవడం దాకా మిగతావన్నీ చూసేవాడు. స్నేహం చాలదన్నట్టు పిల్లల్నిచ్చుకుని వియ్యంకులయ్యారు. ఆ తర్వాతే అయ్యగారి ప్రసంగాలు సాగడం మొదలైంది. పిల్లలు ఒళ్ళో నిద్రపోయేవారు. దూరం నుంచి వచ్చేవాళ్ళకి బస్సు తప్పిపోయేది. పెద్దాయన మెత్తగా చెప్పి చూశాడు. వినకపోతే పళ్ళెమంత గోడ గడియారం తెచ్చి, సరిగ్గా ప్రసంగ వేదికకు ఎదురుగా తగిలించాడు. మరుసటి ఆదివారం అయ్యగారు దాని మీద కండువా కప్పి ప్రసంగం చేశాడు. ఆ పై ఆదివారం పెద్దాయన కండువా లాగేశాడు. ఒకరు ఒక మాటంటే ఇంకొకరు రెండన్నారు. పెద్దాయన గడియారాన్ని చంకన పెట్టుకుని బయటికి నడిచాడు. కొన్ని కుటుంబాలు ఆయన వెనకే నడిచాయి. ఒక సంఘం రెండయింది.

ఇద్దరి సంఘాలూ బాగానే పెరిగాయి. పెరగనిది మధ్యలో చిక్కుకున్న ఎడిటరమ్మ ఓపికే. ఆమె కూతురి పుట్టినరోజు కేకు ఏటా రెండుసార్లు కోయాలి. ఉదయం ఒక తాత, సాయంత్రం ఇంకో తాత. ఒకాయన చెప్పులు గుమ్మం దగ్గర కనపడితే రెండో ఆయన అటునుంచి అటే వెళ్ళిపోతాడు. ఈ ఏడు ఆమె తండ్రి కాళ్ళావేళ్ళా పడి ఆవిష్కరణకు ఒప్పించింది. "సరే వస్తాను. స్టేజీకి ఆ చివర ఆయన, ఈ చివర నేను. మాట కలపమని మాత్రం అడక్కు" అన్నాడు పెద్దాయన. ఆ మాటకే ఆమెకు ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది.

ఈ పేజీ ఆయన కంటపడితే ఇక చచ్చినా వియ్యంకుడున్న గడప తొక్కడు.

ఆమె ప్రెస్సుకి ఫోన్ చేసింది. ప్రెస్సు ఓనరు ఎవరేమన్నా ఆమెన్ అంటాడు కాబట్టి అతని పేరే ఆమెన్ అయిపోయింది.

"ఆమెన్! చెప్పండి ఎడిటరమ్మా, బైండింగు అదిరింది కదా?"

"నూట పదమూడు, నూట పద్నాలుగు పేజీలు ఖాళీగా ఉండాలి కదా? ప్రతి అధ్యాయం చివరా ఒక ఆకు వదలమన్నాను. చదివేవాళ్ళు గమనికలు రాసుకోవడానికి."

"అవునమ్మా, వదిలాం."

"మరి ఇదేంటి?"

"ఓ, అదా! మీరు చివరి ప్రూఫు చూసి పంపాక అయ్యగారు వాకింగు చేస్తూ వచ్చారమ్మా. 'ఖాళీ ఆకు వృథాగా పోతోంది, ఇక్కడో దృష్టాంతం పడితే అధ్యాయం నిలబడుతుంది' అన్నారు. నేను ఆమెన్ అన్నాను."

"నాకొక్క మాట చెప్పాలనిపించలేదా?"

"అయ్యగారే చెప్పాక మళ్ళీ మీకెందుకు శ్రమ అనుకున్నాను. పైగా కంపోజు చేస్తుంటే నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. ఎవరో పాపం ఆ పెద్దమనిషి..."

"మా నాన్న."

ఆమెన్ ఈ ఊరికి కొత్త. గడియారం గొడవ అతనికి తెలీదు.

"అయ్యో! ఎప్పుడు పోయారమ్మా?"

"పోలేదు!"

"ఆమెన్" అన్నాడు అతను, ఈసారి చాలా నెమ్మదిగా.

"విను. బ్లేడ్లు తీసుకుని హాలు దగ్గరికి రా. మిగతా కట్టలు స్టాలు మీదికి వెళ్ళకూడదు. వెనక గదిలో దించు. ఆ ఒక్క ఆకు కోసేద్దాం. మిగతా అధ్యాయానికి దానితో పనిలేదు, ఎవరికీ తెలీదు."

ఫోన్ పెట్టేసి ఆమె ఊపిరి పీల్చుకుంది. పుస్తకాలింకా బయటికి వెళ్ళలేదు. ఇంతవరకూ జనం చేతికి చేరిన కాపీ ఒక్కటీ లేదు. అప్పుడే భర్త స్కూటరు తాళాలు ఊపుకుంటూ ఆఫీసు గదిలోకి వచ్చాడు.

"అన్నట్టు, నిన్న సాయంత్రం మీ నాన్నగారికి ఒక కాపీ ఇచ్చొచ్చాను. బైండరు ముందుగా పంపిన శాంపిలు. ఆవిష్కరించే మనిషి చదవకుండా ఏం మాట్లాడతాడని మా నాన్నే పంపించాడు. మంచి పని చేశాను కదూ?"

ఆమె నూట పద్నాలుగో పేజీ తెరిచి అతని ముక్కు కింద పెట్టింది. అతను చదివాడు. చదువుతూ చదువుతూ గోడకి ఆనుకున్నాడు.

"మా నాన్న... మీ నాన్నని..."

"స్కూటరు తియ్యి."

వంతెన మీద బండ్లు బారులు తీరి ఉన్నాయి. భర్త సందుల్లోంచి దూర్చాడు. ఆమె వెనక కూర్చుని తండ్రికి ఫోన్ చేస్తూనే ఉంది. మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. ఆయనకి పొద్దున్నే పుస్తకం చదివే అలవాటు లేదు. ముందు పేపరు, తర్వాత బైబిలు, తర్వాత మొక్కలకి నీళ్ళు. కాబట్టి అవకాశం ఉంది. ఏదో వంక చెప్పి పుస్తకం లాక్కోవాలి. బైండింగులో తప్పుందని చెప్పొచ్చు. అబద్ధం కాదు కూడా.

తలుపు తీసింది అమ్మ. చేతిలో నాన్న ఫోను.

"ఇదేగా మోగుతోంది? నేను నొక్కితే ఆగిపోయింది. ఏంటే ఇద్దరూ ఇలా ఊడిపడ్డారు?"

"నాన్న ఏడీ?"

"ఎప్పుడో వెళ్ళిపోయాడు. బస్సుకే."

"పుస్తకం?"

"సంకలో పెట్టుకుపోయాడు. అదేం పుస్తకమో గానీ పొద్దున్నే మొదలుపెట్టి వదల్లేదమ్మా. మొక్కలు ఎండిపోతున్నాయి, లేవవయ్యా అంటే పలకడు. ఒకసారి నన్ను పిలిచి, 'ఏమే, నేను బతికే ఉన్నానా?' అన్నాడు. 'ఇప్పుడే టీ అడిగారు, ఉన్నట్టే' అన్నాను."

భర్త మెట్ల మీద కూలబడ్డాడు.

"కోపంగా ఉన్నాడా అమ్మా?" అని అడిగింది ఎడిటరమ్మ.

"కోపమైతే నాకు తెలుస్తుంది, అరుస్తాడుగా. ఇది వేరే. బీరువా తీసి నల్ల కోటు వేసుకున్నాడు. సమాధి కార్యక్రమాలకి వేసుకుంటాడే, అది. ఎవరు పోయారండీ అని అడిగితే, 'కావలసినవాళ్ళే' అన్నాడు. ఇంతకీ ఎవరే పోయింది?"

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే అనుకుంది ఎడిటరమ్మ. "ఎవరూ పోలేదమ్మా, నువ్వు తలుపేసుకో" అని మళ్ళీ స్కూటరెక్కింది.

హాలు అప్పటికే నిండిపోయింది. గోడల వెంట పుస్తకాల బల్లలు. వ్యాఖ్యానాలు, పద సూచికలు, సంఘ పెద్దల బాధ్యతల మీద, యౌవనుల కూటాలు నడపడం మీద చేతిపుస్తకాలు. రెడీమేడ్ ప్రసంగాల పుస్తకం దగ్గర మాత్రం పాస్టర్లు గుమిగూడి ఉన్నారు. ఒకరినొకరు చూసి, ఊరికే చూస్తున్నానన్నట్టు పుస్తకం కింద పెట్టి, వెనక్కి తిరగగానే మళ్ళీ తీస్తున్నారు. తండ్రి ఎక్కడా కనపడలేదు.

వెనక గదిలో ఆమెన్ నేల మీద బాసింపట్టు వేసుకుని పని మొదలుపెట్టాడు. "పుస్తకం వీపుకి మరీ దగ్గరగా కోస్తే దీనికి జతగా ఉన్న అవతలి ఆకు కూడా ఊడొస్తుందమ్మా. వేలెడు అంచు వదిలి కోస్తున్నా" అన్నాడు. పక్కన కోసిన ఆకులు దొంతరగా పేరుకుంటున్నాయి. భర్త ఇంకో బ్లేడు తీసుకుని కూర్చున్నాడు.

పక్క గదిలో అయ్యగారు ఒంటరిగా పచార్లు చేస్తున్నాడు. ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కా, చేతిలో నలిగిపోయిన కాగితం. అది ఆయన కృతజ్ఞతా ప్రసంగం. ఎడిటరమ్మ లోపలికి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"మావయ్యగారూ, నూట పద్నాలుగో పేజీ."

ఆయన ముఖం వెలిగిపోయింది. "చదివావా? ఎలా ఉందమ్మా? ఆ 'టైమెంతయింది' దగ్గర..."

"మా నాన్నని చంపేశారు."

"మీ నాన్ననా? ఛఛ, అది దృష్టాంతం."

"గడియారం తగిలించిన పెద్ద ఇంకెవరున్నారో చెప్పండి."

అయ్యగారు కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. తల గోక్కుంటూ, చిన్నపిల్లాడిలా అన్నాడు.

"మొదట్లో చంపలేదమ్మా."

"మావయ్యగారూ!"

"నిజంగా. మొదట్లో ఆయన మనసు మార్చుకుని తిరిగొచ్చాడని చెప్పేవాణ్ణి. రాకుండానే వచ్చాడని చెప్పడం ఎంతకాలం? జనం కూడా కదల్లేదు. తర్వాత జబ్బు చేసిందన్నాను, కొంచెం కదిలారు. పోయాడన్నాక ఇక చూడు, ముందు వరస నుంచి వెనక వరస దాకా స్తోత్రం, స్తోత్రం. దృష్టాంతంలో మనిషి పోతే తప్ప ప్రసంగం ముగిసినట్టుండదు. ఏ పాస్టరునైనా అడుగు."

"ఆయన బతికున్నాడని మీకు గుర్తు లేదా?"

"చెప్పగా చెప్పగా నాకే నిజమనిపించింది. ఒకసారి వేదిక మీదే ఏడ్చేశాను. ఇంటికొచ్చి మీ అత్తయ్యతో, 'బావ లేని లోటు తీరేది కాదే' అన్నాను. 'మీ బావ పొద్దున కూరగాయల బండి దగ్గర బేరమాడుతున్నాడు, చూసొచ్చాను' అంది." ఆయన నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "చదివాడా?"

"చదివాడు. సమాధి కోటు వేసుకుని వస్తున్నాడు."

అయ్యగారి చేతిలోంచి కాగితం జారి కింద పడింది. అంతలో బయట మైకులో కీచుమని మోగి, ఆవిష్కరణ కార్యక్రమానికి పెద్దలందరూ వేదిక మీదికి రావాలని పిలుపు వినిపించింది.

ఆమె వెనక గదిలోకి పరుగెత్తింది. "అయ్యాయా?"

"ఆఖరి కట్టమ్మా. స్టేజీ మీదివి తప్ప."

"స్టేజీ మీదివి ఏంటి?"

"రిబ్బను కట్టి రంగు కాగితం చుట్టినవి. వాటిని పొద్దున్నే బైండరు నేరుగా ఇక్కడికే పంపాడు, నేనొచ్చేసరికే నిర్వాహకులు పైకి తీసుకుపోయారు."

కుడితిలో పడ్డ ఎలుకలా ఆమె ఒక్కసారి చుట్టూ తిరిగి, ఇక చేసేదేమీ లేక హాల్లోకి వచ్చి వెనక గోడకి ఆనుకుని నిలబడింది.

వేదికకి ఆ చివర మామగారు. తల దించుకుని తన బూట్ల వైపు చూసుకుంటున్నాడు. మధ్యలో కూటం నిర్వాహకులు. ఈ చివర కుర్చీ ఖాళీ. రాకపోతేనే నయం అని ఆమె అనుకుంటుండగానే ప్రక్క ద్వారం తెరుచుకుని ఆమె తండ్రి లోపలికి వచ్చాడు. మెడ దాకా బొత్తాలు పెట్టిన నల్ల కోటు. సంకలో పుస్తకం. అందులోంచి కాగితం ముక్కలు గుర్తులుగా బయటికి పొడుచుకొచ్చాయి. ఆయన నేరుగా నడిచి, ఎవరికీ వందనాలు చెప్పకుండా, రిబ్బను విప్పి, రంగు కాగితం చింపి, పుస్తకాన్ని సభకి ఎత్తి చూపించాడు. చప్పట్లు కొట్టారు. ఆయన దాన్ని బల్ల మీద పెట్టేసి, తన సంకలోది తీసి మైకు ముందుకు వచ్చాడు.

"సహోదరులారా, వందనాలు. 'మోకాళ్ళ మీద తయారైన ప్రసంగం' అని ఈ పుస్తకం పేరు. బాగుంది. వాక్యం ముందు మనకి తగలాలి, ఆ తర్వాతే జనానికి చెప్పాలని మూడో అధ్యాయంలో రాశాడు. మన సంఘ పెద్దలందరూ ఇది చదవాలి. అయితే ముందుగా ఒక మాట. ఈ పుస్తకం ప్రకారం నేను చచ్చిపోయాను."

ఎక్కడో ఒక కుర్చీ కిర్రుమంది.

ఆయన కళ్ళజోడు సర్దుకుని నూట పదమూడో పేజీ మొదటి నుంచి చదివాడు. గడియారం మాట వచ్చిన చోట ముందు వరసలో ఒకరిద్దరు ఒకరినొకరు చూసుకున్నారు. కండువా దగ్గర మరికొందరు. ఆసుపత్రి మంచం వచ్చేసరికి అందరికీ తెలిసిపోయింది. ఎడిటరమ్మ కళ్ళు మూసుకుంది. అత్తగారి ముఖం, అమ్మ ముఖం, రెండు కేకుల ముందు నిలబడ్డ కూతురి ముఖం ఆమె కళ్ళ ముందు తిరిగాయి.

"...'ప్రియులారా, ఆయన టైము అయిపోయింది.'" ఆయన పుస్తకం మూశాడు. "పొద్దున ఇది చదవగానే ఒళ్ళు మండిపోయింది. ఇన్నాళ్ళూ మాట లేదు, సరే. బతికుండగానే పాతిపెట్టేస్తావా అనుకున్నాను. ఇంతమంది దైవజనుల ముందు కడిగిపారేద్దామని ఈ కోటు వేసుకుని బయల్దేరాను. బస్సులో కూర్చుని ఏం మాట్లాడాలో ఆలోచించుకున్నాను. ఆయన నా మీద కథ చెప్పాడు కాబట్టి నేనూ ఆయన మీద ఒకటి చెప్పాలి. మా సంఘంలో నేను ఎప్పుడూ చెప్పేది ఒకటుంది. మీలో చాలామంది విన్నదే. నాకు తెలిసిన ఒక దైవజనుడు ఉండేవాడు. ఆయనకి మొదలుపెట్టడం తెలుసు గానీ ఆపడం తెలీదు..."

"ఖాళీ బల్లలకి ప్రసంగం చెప్తాడు, ఆయనే కదా?" ముందు వరసలోంచి లావుపాటి పాస్టరొకాయన అరిచాడు.

"ఆయనే."

"వేదిక మీదే గుండె ఆగి పడిపోతాడు!" ఇంకో మూల నుంచి ఎవరో అందుకున్నారు. "మా సంఘానికొచ్చి చెప్పారండీ. మా ఆవిడ ఏడ్చింది!"

"సమాధి దగ్గర పాట మొదటి చరణం కూడా పాడకుండానే ఆఖరి ప్రార్థన చేసేశారు పాపం ఆయనకి!"

పెద్దాయన చెయ్యి ఎత్తాడు. "ఆయనే. ఆ దైవజనుడు ఎవరో తెలుసా?" నెమ్మదిగా తిరిగి, వేదిక ఆ చివరికి వేలు చూపించాడు. "అదిగో."

అయ్యగారు తల ఎత్తాడు.

"బస్సులో ఈ కథ మనసులో అనుకుంటూ, ఆయన పడిపోయే చోటికి వచ్చాను. అక్కడ ఆగిపోయాను. నన్ను ఆయన ఒక్కసారి అచ్చులో చంపాడు. నేను ఆయన్ని ఎన్ని చోట్ల చంపానో నాకే గుర్తు లేదు. ఉపవాస కూటాల్లో చంపాను. యౌవనుల కూటాల్లో చంపాను. ఒక పెళ్ళిలో కూడా చంపాను, ఆ పెళ్ళివాళ్ళు ఇప్పటికీ నన్ను పిలవరు. నేను దిగాల్సిన స్టాపు దాటిపోయాక గానీ తెలివిరాలేదు. కండక్టరు, ఎందుకండీ ఒక్కరే నవ్వుకుంటున్నారు అని అడిగాడు."

ఎవరో కిసుక్కుమన్నారు. ఆ కిసుకు పక్కవాడికి అంటుకుంది. నవ్వు వరస వరసకీ పాకి వెనక గోడని తాకింది. ఎడిటరమ్మ కళ్ళు తెరిచింది.

"ఎవరు ఎవరికి క్షమాపణ చెప్పాలో తేలక ఆ ఆలోచన మానుకున్నాను." పెద్దాయన మళ్ళీ ఆ చివరికి తిరిగాడు. "బావగారూ, లేవండి. ఇద్దరం పోయినవాళ్ళమే. పునరుత్థానాన్ని నమ్మేవాళ్ళం కదా."

అయ్యగారు లేచాడు. వేదికకి అడ్డంగా నడిచి వచ్చాడు. నిర్వాహకులు కాళ్ళు వెనక్కి లాక్కున్నారు. ఆయన మైకు ముందుకు వచ్చి నోరు తెరిచాడు. మాట రాలేదు. జీవితంలో మొదటిసారి, మైకు ముందు, ఆ మనిషికి మాట రాలేదు. సభంతా ఎదురుచూసింది. ఆయన పెద్దాయన రెండు చేతులూ పట్టుకుని, నల్ల కోటు మొదటి బొత్తం విప్పి, ఉక్కపోతకి తడిసిన ఆ మెడ చూసి, చివరికి అన్నాడు.

"ఈ ఎండలో ఇదెందుకు వేసుకున్నావు బావా? టీ అయినా తాగావా?"

ఆ ఒక్క ముక్కకి హాలు హోరెత్తిపోయింది. ఎడిటరమ్మ గోడ వెంటే జారుతూ పుస్తకాల కట్ట మీద కూర్చుండిపోయింది. పొద్దుట్నుంచి బిగబట్టిన ఊపిరంతా ఒక్కసారి బయటికొచ్చింది. నవ్వో ఏడుపో ఆమెకే తెలీలేదు. భర్త వెనక గదిలోంచి బ్లేడు పట్టుకునే పరుగెత్తుకొచ్చి, "ఏమైంది? కొట్టుకున్నారా?" అన్నాడు.

"లేదు. మీ నాన్న మా నాన్నని టీ తాగావా అని అడిగాడు."

అతను బ్లేడు జేబులో పెట్టుకోబోయి, ఆగి, ఆమె పక్కనే కట్ట మీద కూలబడ్డాడు.

గండం అంతటితో గడిచిందనుకుంటే పొరపాటు. విరామం ఇవ్వగానే జనం స్టాలు మీద పడ్డారు. రెడీమేడ్ ప్రసంగాల బల్ల దగ్గర ఒక్కడు లేడు. లావుపాటి పాస్టరు ఒక కాపీ తీసి తిరగేసి, ముఖం చిట్లించాడు.

"ఏంటమ్మా ఇది? నూట పన్నెండు తర్వాత నూట పదిహేను. పెద్దాయన చచ్చిపోయే పేజీ ఏదీ?"

"నా దాంట్లోనూ లేదు!"

"ఎవరో కోసేశారు, ఇదిగో అంచు కనిపిస్తోంది. ఆ పేజీ లేని పుస్తకం మాకెందుకమ్మా?"

"అసలైన పేజీ స్టేజీ మీది వాటిలోనే ఉందట. పెద్దవాళ్ళకి మాత్రమే ఇచ్చారట!"

ఎడిటరమ్మ ఆమెన్ వైపు చూసింది. ఆమెన్ తన దొంతర వైపు చూశాడు. అతను కోసిన ఆకుల్లో ఒక్కటి కూడా పారేయలేదు. కాగితాన్ని పారేయడం ప్రెస్సువాడికి చేతకాదు. వేలెడు అంచు వదిలాడు కాబట్టి అతికించడానికి చోటు కూడా ఉంది.

వెనక గదిలో పొడవాటి బల్ల లాగారు. జిగురు సీసాలు వచ్చాయి. ఎడిటరమ్మ ఆకులు అందిస్తోంది. ఆమెన్ అంచుకి జిగురు రాస్తున్నాడు. కోసేటప్పుడు ఒక్క మాట అనని మనిషి ఇప్పుడు ఆకు అతికినప్పుడల్లా ఆమెన్ అంటున్నాడు. భర్త ఆకులు నొక్కి పడుతున్నాడు. మధ్యలో, ఎవరూ పిలవకుండానే, నల్ల కోటు చేతి మీద వేసుకుని పెద్దాయన వచ్చి బల్లకి ఒక పక్క కూర్చున్నాడు. ఆయన వెనకే టీ గ్లాసులు పట్టుకుని అయ్యగారు వచ్చి ఆయన పక్కనే కూర్చున్నాడు. బయట జనం, పోయిన మనిషి సంతకం కావాలని, ఆ పేజీ మీదే కావాలని కబురంపారు. పెద్దాయన పెన్ను తీశాడు. అతికిన పుస్తకం వచ్చినప్పుడల్లా 'ఆయన టైము అయిపోయింది' అన్న చోట పక్కన 'ఇంకా ఉంది' అని రాసి సంతకం చేస్తున్నాడు.

"బావా, నువ్వు జిగురు మీద సంతకం చేస్తున్నావు. ఆరనీ."

"ఆరేదాకా ఆగాలంటే నీ ప్రసంగం అయ్యేదాకా ఆగినట్టే."

"చూశావా, మళ్ళీ మొదలెట్టావు. ఆ రోజు కూడా ఇంతే. నేను కండువా కప్పింది గడియారం మీద దుమ్ము పడకూడదని..."

"దుమ్మా? ప్రసంగం మధ్యలో లేచొచ్చి కప్పావు!"

"మధ్యలో కాదు, మొదట్లో!"

"నీ ప్రసంగానికి మొదలూ మధ్యా ఎలా తెలుస్తుంది బావా?"

భర్త కంగారుగా ఆమె చెవి దగ్గరికి వంగాడు. "ఆపమంటావా? మళ్ళీ పట్టాలు తప్పేలా ఉన్నారు."

ఎడిటరమ్మ ఆ ఇద్దరి వైపు చూసింది. ఒకాయన మోచెయ్యి రెండో ఆయన మోచేతికి తగులుతోంది. ఎవరూ జరగడం లేదు.

"వద్దు," అంది. "పక్కపక్కన కూర్చుని పోట్లాడుకుంటున్నారు. పోట్లాడుకోనీ."

ఆమెన్ జిగురు చేతులు తుడుచుకుంటూ తల ఎత్తాడు. "అయ్యగారూ, ఈ లెక్కన ఇవాళే అయిపోయేలా ఉన్నాయి. రెండో ముద్రణలో ఈ ఆకు ఎలా వేద్దాం? ఆయన బతికాడని మార్చాలా?"

అయ్యగారు టీ గుక్క మింగి, గడ్డం నిమురుకుని, సీరియస్‌గా ఆలోచించాడు.

"మార్చాలనుకో," అన్నాడు. "కానీ బతికాడంటే... ముగింపు అంత బలంగా ఉండదేమో."

"బావా!"

పెద్దాయన పెన్ను కిందపెట్టి ఆయన వీపు మీద ఒక్క చరుపు చరిచాడు. టీ తొణికి నూట పద్నాలుగో పేజీ మీద పడింది. ఆ కాపీని ఎవరికీ ఇవ్వకుండా ఎడిటరమ్మ తన సంచిలో వేసుకుంది.